పిచ్చిపువ్వుకి సహజ శత్రువు

ఆఫీసులో కొత్త పని ఎవరి నెత్తిన పడుతుందన్నదానికి ఒక పద్ధతి ఉంది. మీటింగు జరిగిన రోజు ఎవరు సెలవులో ఉంటే వాళ్ళ నెత్తిన పడుతుంది. వద్దనడానికి మనిషి ఎదురుగా లేడు కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క. తీరాంధ్ర జలసంపద ప్రోత్సాహక మండలి వారి విశాఖపట్నం కార్యాలయంలో పగడాల తొట్టి నిర్వహణ బాధ్యత సూపరింటెండెంటు బొడ్డేపల్లి లోకనాథం గారికి దక్కింది ఈ పద్ధతి ప్రకారమే. ఆ రోజు ఆయన పన్ను పీకించుకోడానికి వెళ్ళారు. మర్నాడు వాచిన దవడతో ఆఫీసుకొస్తే అందరూ చెయ్యి పట్టుకుని ఊపి అభినందించారు. ఎందుకని అడుగుదామంటే ఆయనకి నోరు తెరుచుకోలేదు.

తొట్టి తెప్పించినవారు డైరెక్టరు త్రివిక్రమరావు గారు. ఆయన అధ్యయనయాత్ర మీద ఏదో దేశం వెళ్ళి, అక్కడొక ఆఫీసులో ఇలాంటిది చూసి వచ్చారు. ఆ దేశంలో ఇంకేం అధ్యయనం చేశారో మనకి తెలియదు. రాగానే సందర్శకుల హాల్లో జాలరివాళ్ళు కూర్చునే బల్ల తీయించేసి, ఆ చోట తొట్టి పెట్టించారు. జాలరివాళ్ళు అప్పట్నించీ నిలబడుతున్నారు. సముద్రాన్ని ప్రజలకి చేరువ చేయడం డైరెక్టరు గారి ఆశయం. ఆఫీసు కిటికీ తెరిస్తే ఎదురుగా సముద్రమే కనిపిస్తుంది గాని, దానికి లైటింగు లేదు.

తొట్టి పెద్దదేం కాదు, మన ఇళ్ళల్లో పాతకాలం టీవీ అంత ఉంటుంది. లోపల కాస్త ఇసుక, నాలుగు రాళ్ళు, రాళ్ళ మీద ఊదా, ఆకుపచ్చ రంగుల్లో పగడాలు, వాటి మధ్య ఒకే ఒక్క చేప. వేలెడంత నారింజరంగు చేప. ఒంటి మీద తెల్లటి చారలు. లోకనాథం గారు మొదట్లో దాని వైపు సరిగ్గా చూడను కూడా లేదు. తిట్టుకుంటూ మేత చల్లేవారు. కాని ఆ చేప ఊరుకోలేదు. ఆయన ఫైలు పట్టుకుని అటు వెళ్తే అటు, ఇటు వస్తే ఇటు, అద్దం వెంబడి తిరిగేది. కుర్చీ లాక్కుని కూర్చుంటే ఎదురుగా ఆగి, తోక ఆడిస్తూ, ఆయన చెప్పేదంతా వినేది. లోకనాథం గారు చెప్పేదాన్ని మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా విన్న ప్రాణి ఈ భూమ్మీద అదొక్కటే. ఆయన దానికి చిన్నారావు అని పేరు పెట్టుకున్నారు. "ఏటి చిన్నారావూ, తిన్నావా?" అని పలకరించాకే హాజరు వేసుకోవడం అలవాటైంది. దాచుకోవలసిందేం లేదు, ఆయనకి ఆ చేపంటే ప్రాణమైపోయింది.

అలా ఉండగా ఒకనాడు రాయి మీద ఓ చిన్న పువ్వు విచ్చుకుంది. గోధుమరంగు కాడ, దాని చివర వెంట్రుకల్లాంటి రేకలు, నీళ్ళలో మెల్లగా ఊగుతూ ముచ్చటగా ఉంది. డైరెక్టరు గారు దాని ఫోటో తీయించి, "మండలి కృషికి సముద్రమే స్పందించి స్వయంగా పుష్పించినది" అని పత్రికలకి పంపారు. రెండు పత్రికలు వేశాయి కూడా. ఆ పువ్వు పక్కనున్న పగడం మాత్రం ఆ వార్త చదవలేదు కాబోలు, వాడిపోవడం మొదలుపెట్టింది.

తొట్టి అమ్మిన మస్తాన్‌ని పిలిపించారు. జగదాంబ జంక్షను దగ్గర అతనికి రంగుచేపల దుకాణం ఉంది. తొట్టిలోకి ఒక్కసారి తొంగిచూసి నాలిక కరుచుకున్నాడు.

"పువ్వు కాదు సార్ ఇది, పురుగు. పిచ్చిపువ్వంటాం మేము. ముట్టుకున్నదాన్నల్లా కుట్టీద్ది. ఒకటుంటే వందయిపోద్ది. కిళ్ళీలో వేసుకునే సున్నం ఉన్నాది కదండి, రవ్వంత తీసి దీని నోట్లో పెట్టీండి. ముడుచుకుని సచ్చిపోద్ది."

డైరెక్టరు గారి మొహం మారిపోయింది.

"సున్నం అనగా రసాయనం కదా?"

"రసాయనమేటి సార్, సున్నం. ఆకులో ఏసుకుని నవుల్తాం కదా."

"ప్రజలు నమలుట వేరు, ప్రభుత్వం వినియోగించుట వేరు," అన్నారు డైరెక్టరు గారు, తల పైకెత్తి. ఆయన చూసిన వైపు అందరూ చూశారు. తొట్టికి సరిగ్గా పైన గోడ మీద పెద్ద బ్యానరు ఉంది. "రసాయన రహిత జలాలు – మండలి సంకల్పం." రొయ్యల చెరువుల వాళ్ళని ఏడిపించడానికి కిందటి నెలే కట్టించిన బ్యానరు అది. ఇంకేముంది, సున్నం అక్కడితో రద్దయిపోయింది.

రసాయనం లేకుండా ఎలా తీయాలి? చేత్తో తీయాలి. ఆ శుక్రవారం 'స్వచ్ఛ తొట్టి' కార్యక్రమం పెట్టారు. చేతులకి తొడుగులు, నెత్తిన కాగితం టోపీలు, వెనకాల ఫోటోగ్రాఫరు. ముందు డైరెక్టరు గారు, ఆయన తర్వాత హోదా ప్రకారం ఒక్కొక్కరూ వచ్చి కత్తెరతో పువ్వుని ఒక్కో ముక్క కత్తిరించి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళారు. అటెండరుదాకా వచ్చేసరికి కత్తిరించడానికి ఏమీ మిగల్లేదు, పాపం గాల్లో కత్తిరించాడు. వచ్చిన చిక్కల్లా, ఆ పిచ్చిపువ్వు జాతికి చావు తెలియదు. ముక్క చేస్తే ముక్క ముక్కా ఒక పువ్వవుతుంది. మరుసటి వారానికి తొట్టిలో, కత్తెర పట్టుకున్న ప్రతి అధికారి పేరుమీదా ఒక్కో పువ్వు విచ్చుకుంది.

లోకనాథం గారు చిన్నారావుని చూసి కంగారుపడ్డారు. తిరగడానికి దానికి చోటు తగ్గుతోంది. పువ్వులకి దూరంగా, ఓ మూల ఇసుకలో, ముడుచుకుని నిలబడుతోంది. మనిషిని చూసి ఎదురొచ్చే చేప రావడం మానేస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

అప్పుడే డైరెక్టరు గారికి జ్ఞానోదయమైంది.

"లోకనాథం గారూ, ప్రకృతిలో ప్రతి అవాంఛనీయ జీవికీ ఒక సహజ శత్రువు నిర్దేశింపబడి ఉన్నది. మనము చేయవలసినదల్లా ఆ ఖాళీని భర్తీ చేయుట."

దీనికి 'సహజ శత్రు విధానం' అని పేరు పెట్టారు. ఇక్కడ ఒక్క మాట ఒప్పుకోవాలి, ఆలోచనలో తప్పేం లేదు. పిచ్చిపువ్వుని తినే ప్రాణులు నిజంగానే ఉన్నాయి. ఒళ్ళంతా ఎర్రచారలున్న సన్నటి రొయ్యల్ని మస్తాన్ తెచ్చి ఇచ్చాడు. "ఇవి తినీస్తాయి సార్. కాకపోతే చీకటిపడ్డాకే బయటికొస్తాయి. మేత మాత్రం వెయ్యకండి, ఆకలి మీదుంటేనే పువ్వు తింటాయి," అని చెప్పి మరీ వెళ్ళాడు.

కాని ఆఫీసులోకి వచ్చాక ఎవరైనా ఆఫీసు పద్ధతిలోనే ఉండాలి కదా. రొయ్యల్ని 'జీవ నియంత్రణ సహాయకులు (తాత్కాలికం)' అన్న హోదాలో నియమించారు. వాటి తరఫున లోకనాథం గారు విధుల్లో చేరినట్టు రాసిచ్చారు. మూడోనాడు డైరెక్టరు గారు తనిఖీకి వస్తే తొట్టిలో ఒక్క రొయ్యా కనబడలేదు. అన్నీ రాళ్ళ కింద నిద్రపోతున్నాయి.

"ఏరీ సహాయకులు?"

"రాత్రిపూట పనిచేస్తాయండి."

"కార్యాలయ వేళలు పది నుంచి ఐదు. రాత్రిపూట పనిచేయుటకు వారికి ఎవరు అనుమతినిచ్చినారు? ప్రజలు చూచునప్పుడు సిబ్బంది కనబడవలెను."

పగలు కనబడాలంటే ఏదో ఆశ చూపాలి. అంచేత పదింటికీ, పన్నెండింటికీ, మూడింటికీ మేత వేయమని ఉత్తర్వు వచ్చింది. రొయ్యలు తెలివైనవి, త్వరగానే నేర్చుకున్నాయి. పదయ్యేసరికి వరసగా వచ్చి నిలబడేవి, మేత తినేవి, ఐదు కొట్టాక రాళ్ళ కిందకి పోయి పడుకునేవి. పువ్వుల వంక కన్నెత్తి చూడ్డం మానేశాయి. నెల తిరిగేసరికి బొద్దుగా తయారయ్యాయి. వాటిని చూసి మురిసిపోని ఉద్యోగి ఆ ఆఫీసులో లేడు.

తర్వాత గుల్లలేని నత్తల్ని తెప్పించారు. గోరంత ఉంటాయి, పిచ్చిపువ్వు తప్ప ఇంకేదీ ముట్టవు. ఎంత నిజాయితీపరులంటే, పువ్వు దొరక్కపోతే ఆకలితో చస్తాయి గాని ఇంకోటి తినవు. వాటిని వదిలిన రోజే రొయ్యలు తినేశాయి. నిజాయితీపరుల సంగతి ఎక్కడైనా అంతే. డైరెక్టరు గారు దీన్ని "సీనియారిటీకి సంబంధించిన అంతర్గత విషయం"గా పరిగణించి వదిలేశారు.

ఇంతలో విధానం తొట్టి దాటి బయటికొచ్చింది. తొట్టికి పనికొచ్చిన సూత్రం ఆఫీసుకి ఎందుకు పనికిరాదు? (తొట్టికి పనికొచ్చిందా అని ఎవరూ అడగలేదు.) సిబ్బందిలోని ప్రతి అలసత్వానికీ ఒక సహజ శత్రువుని నియమిస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. ఆలస్యంగా వచ్చేవాళ్ళ మీద పెందరాళే వెళ్ళిపోయేవాళ్ళని పెట్టారు. దాంతో ఇద్దరూ ఒకర్నొకరు చూసుకునే అవకాశమే లేకపోయింది. ఫైళ్ళు తొక్కిపెట్టే గుమాస్తా మీద ఫైళ్ళు పారేసే గుమాస్తాని పెట్టారు. క్యాంటీనుకి సహజ శత్రువు ఎవరని కొన్నాళ్ళు చర్చ జరిగి, క్యాంటీనే అందరికీ సహజ శత్రువని తేలింది.

తొట్టి ముందు కుర్చీ వేసుకుని చేపతో మాట్లాడే లోకనాథం గారికి కూడా శత్రువుని వెతికారు. దానికి వెతుకులాట అక్కర్లేకపోయింది. అకౌంట్సు సెక్షనులో పిల్లా దాలినాయుడు గారున్నారు. ఇద్దరికీ పదిహేనేళ్ళుగా మాటల్లేవు. కారణం కిటికీ. గాలి రావాలని లోకనాథం గారు తెరుస్తారు, కాగితాలు ఎగిరిపోతున్నాయని దాలినాయుడు గారు మూస్తారు. దాని మీద ఇద్దరూ రాసుకున్న ఫిర్యాదులు బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. ఆ దాలినాయుడు గారిని తెచ్చి తొట్టికి అవతలివైపు కుర్చీ వేసి కూర్చోబెట్టి, లోకనాథం గారి మీద నిఘా పెట్టమన్నారు.

దాలినాయుడు గారు వచ్చి కూర్చున్నారు. ఇత్తడి సున్నపుకాయ తీసి, ఆకుకి సున్నం రాసి, కిళ్ళీ చుట్టి బుగ్గన పెట్టుకుని, నిఘా ప్రారంభించారు. ఇద్దరి మధ్యా తొట్టి. ఆ మూల ఇసుకలో ముడుచుకున్న చిన్నారావు కొత్త మొహాన్ని చూసి మెల్లగా అద్దం దగ్గరికి వచ్చింది. ఎదురుగా ఆగింది. తోక ఆడించింది.

దాలినాయుడు గారు కిళ్ళీ నమలడం ఆపేశారు. చాలాసేపటికి, పదిహేనేళ్ళలో మొదటిసారి నోరు విప్పారు.

"ఇదేటి, మనిషిని గుర్తుపడతాదేటి?"

"పట్టకేటి. పేరు పెట్టి పిలవండి."

"పేరేటి?"

"చిన్నారావు."

"చిన్నారావూ," అన్నారు దాలినాయుడు గారు, సిగ్గుపడుతూ. చేప గిర్రున ఒక చుట్టు తిరిగింది. నిఘా అక్కడితో ముగిసింది. మధ్యాహ్నం లోకనాథం గారి కారేజీలోంచి వంకాయ ఎండురొయ్యల కూర సగం దాలినాయుడు గారి పళ్ళెంలోకి వెళ్ళింది. తొట్టిలో రొయ్యలు వింటున్నాయేమోనని ఇద్దరూ గొంతు తగ్గించి మెచ్చుకున్నారు. బాగా మేసిన శత్రువు శత్రువుగా పనికిరాడని ఆ ఆఫీసులో అప్పటికే రెండోసారి రుజువైంది.

పిచ్చిపువ్వులు మాత్రం రాళ్ళన్నీ కప్పేసి అద్దం ఎక్కుతున్నాయి. అప్పుడే రాజధాని నుంచి ప్రత్యేక కార్యదర్శి గారు తొట్టి చూడ్డానికి వస్తున్నట్టు కబురొచ్చింది. డైరెక్టరు గారు అత్యవసర సమావేశం పెట్టారు.

"రొయ్యలు విధులను విస్మరించినవి. కావున రొయ్యలకు సహజ శత్రువును నియమించుచున్నాము."

"సార్," అన్నారు లోకనాథం గారు లేచి, "మనకి చిక్కు పువ్వుతో కదండి, రొయ్యలతో కాదు కదా?"

"భయము కలిగిన రొయ్య పనిచేయును."

మస్తాన్‌కి ఫోను చేశారు. అతను ఫోనులోనే నవ్వాడు. "పెద్దనోటి చేపొకటి ఉన్నాది సార్. రొయ్యని చూస్తే ఒదల్దు. కాని ఆ నోట్లో పట్టిందల్లా మింగీద్ది, తొట్టిలో చిన్నచేపుంటే అది కూడా పోద్ది. నాకేటి సార్, పంపమంటే పంపుతాను."

లోకనాథం గారు ఆ సాయంత్రం డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి, ఉద్యోగంలో చేరాక ఎప్పుడూ అడగనట్టుగా చేతులు జోడించి అడిగారు.

"సార్, ఆ నారింజ చేపని నేను ఇంటికి పట్టుకుపోతానండి. కావాలంటే దాని ఖరీదు నేనే కట్టేస్తాను."

డైరెక్టరు గారు జాలిగా చూశారు. ఆయన చెడ్డవారు కాదు, నియమాలు తెలిసినవారు.

"చూడండి, అది ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తి తొట్టిలో మరణించినచో నష్టము. నష్టమును మాఫీ చేయు అధికారము నాకు కలదు. ప్రభుత్వ ఆస్తి ప్రాణముతో బయటకు పోయినచో దొంగతనము. దానిని మాఫీ చేయు అధికారము ఎవరికినీ లేదు."

అంటే చేప చచ్చిపోవచ్చు, బతకడానికి మాత్రం వీల్లేదు. లోకనాథం గారు ఆ రాత్రి అన్నం కెలికి వదిలేశారు. భార్య సత్యవేణమ్మ ఆయన మొహం చూసి, ఆఫీసులో ఎవరైనా పోయారా అని అడిగింది. రేపు పోతారన్నారు ఆయన.

తెల్లారి మస్తాన్ పెద్దనోటి చేపని నీళ్ళున్న ప్లాస్టిక్ సంచిలో తెచ్చాడు. వెంటనే వదలకూడదని, సంచిలో నీళ్ళూ తొట్టిలో నీళ్ళూ ఒకే వెచ్చదనానికి వచ్చేదాకా సంచిని తొట్టిలో తేలనివ్వాలని చెప్పి వెళ్ళిపోయాడు. సంచి తేలుతోంది. లోపలి చేప మొహంలో సగం నోరే. ఆ నోటితో అది ప్లాస్టిక్‌లోంచి చిన్నారావు వైపే చూస్తోంది. చిన్నారావు వచ్చిన అతిథిని పలకరించడానికి సంచి దగ్గరికి వెళ్ళి తోక ఆడించింది. దానికి లోకం మీద అంత నమ్మకం మరి.

లోపలి గదిలో ఫోను మోగింది. "నేను మాట్లాడి వచ్చులోపల విడుదల చేయండి," అని డైరెక్టరు గారు వెళ్ళారు.

లోకనాథం గారు దాలినాయుడు గారి వంక చూశారు. దాలినాయుడు గారు ఆయన మీద నియమితులైన సహజ శత్రువు. చూసింది చూసినట్టు పైకి రాయవలసిన మనిషి. ఆయన లేచి, తలుపు దాకా వెళ్ళి అటూ ఇటూ చూసి, వెనక్కొచ్చి కారేజీ అందుకున్నారు.

"అడుగు గిన్నె ఖాళీ చేసీండి. గాలొచ్చేస్తున్నాది, ముందా కిటికీ..." అంటూ అలవాటుగా కిటికీ వైపు వెళ్ళబోయి ఆగిపోయారు. "పోనీండి. తెరిచే ఉంచండి."

కూర కిటికీలోంచి కాకులకి వెళ్ళింది. తొట్టి నీళ్ళు గిన్నెలోకి వచ్చాయి. లోకనాథం గారు చెయ్యి ముంచగానే చిన్నారావు పారిపోలేదు, ఈదుకుంటూ అరచేతిలోకి వచ్చి నిలబడింది. గిన్నె నిండా నీళ్ళూ, నీళ్ళలో చిన్నారావూ, పైన మిగతా రెండు గిన్నెలూ పెట్టి కారేజీకి కొక్కెం బిగించారు. తర్వాత సంచి విప్పారు. పెద్దనోరు బయటికి రావడమేమిటి, పది గంటల మేతకి వరసగా నిలబడ్డ రొయ్యలు వరసగా లోపలికి వెళ్ళిపోవడమేమిటి. ఆ తొట్టిలో ఎవరైనా తమ పని తాము చేయడం అదే మొదలు.

డైరెక్టరు గారు వచ్చి తొంగిచూశారు.

"రొయ్యలు లేవు. ఆ నారింజ చేప?"

"ఇందాకటిదాకా ఉన్నాదండి. ఇప్పుడు లేదు," అన్నారు దాలినాయుడు గారు. అబద్ధమాడలేదు.

"భేష్. 'సదరు చేప విధినిర్వహణలో ఉండగా సహజ శత్రువు వలన సహజ మరణము పొందినది' అని రాసి సంతకము చేయండి. మీరు శత్రువులు గనుక ఇద్దరి సంతకములూ ఉన్నచో ఎవరూ శంకించరు."

ఇద్దరూ సంతకం పెట్టారు. అరపూట సెలవు పెట్టి, కారేజీ ఊగకుండా పట్టుకుని మెట్లు దిగుతున్నారు. కింది నుంచి పైకొస్తూ డైరెక్టరు గారు ఎదురయ్యారు. ఆయనకొక అలవాటుంది. సిబ్బంది కారేజీలు మూతలు తీయించి రుచి చూస్తారు. దాన్ని క్షేత్రస్థాయి పరిశీలన అంటారు.

"లోకనాథం గారూ, ఇవాళ ఏమిటి?"

లోకనాథం గారు కారేజీని రెండు చేతులతో పట్టుకున్నారు. ఆయనకి అబద్ధం చేతకాదు. "చేపండి," అన్నారు.

"ఓహో! పులుసా, వేపుడా?"

"ఇంకా... నీళ్ళగానే ఉందండి."

"మూత తీయండి, చూతము."

కారేజీ లోపల్నించి చిన్నగా టపామని చప్పుడు వినిపించింది. దాలినాయుడు గారు ఒక్క అంగలో ముందుకొచ్చి కడుపు పట్టుకున్నారు.

"వద్దు సార్! అది నిన్నటి పులుసు. పాడైపోనాది. పొద్దున్న ఒక్క ముద్ద తిన్నాను, అప్పట్నించీ నా పని ఇదిగో... మెట్లు దిగలేకపోతన్నాను. సముద్రంలో పారబోద్దామని పట్టుకెళ్తున్నాం."

డైరెక్టరు గారు రెండు మెట్లు వెనక్కి దిగారు. "సముద్రములోనా? కాలుష్యము! మండలి సిబ్బందే ఇట్లు చేసినచో ఎట్లు? ఇంటికి తీసుకొనిపొండి. ఇది నా ఉత్తర్వు."

ఉత్తర్వంటే ఉత్తర్వే. ఇద్దరూ ఆటో ఎక్కి, ప్రభుత్వ ఉత్తర్వుని ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా "మెల్లగా బాబూ" అని డ్రైవరుని బతిమాలుతూ ఇంటికి తీసుకెళ్ళారు. మస్తాన్ దుకాణం నుంచి చిన్న తొట్టీ, ఒక రాయీ, మోటారూ వచ్చాయి. కారేజీ అడుగు గిన్నెలో కూరకి బదులు కదులుతున్న చేపని చూసి సత్యవేణమ్మ, "దీన్నొండనా, పెంచనా, ముందు చెప్పండి!" అంది. సంగతి విన్నాక ఆవిడే తొట్టికి హాల్లో చోటు చూపించింది.

ప్రత్యేక కార్యదర్శి గారు వచ్చిన నాటికి ఆఫీసు తొట్టిలో మిగిలినవి రెండే. అడుగున పొట్ట ఇసుకకి ఆనించి పడుకున్న పెద్దనోరు, గోడలూ రాళ్ళూ కనబడకుండా విరగబూసిన పిచ్చిపువ్వులు. డైరెక్టరు గారికి చెమటలు పట్టాయి. కార్యదర్శి గారు కళ్ళద్దాలు సవరించుకుని ఒంగి చూశారు. అటునుంచి చూశారు, ఇటునుంచి చూశారు.

"అద్భుతం. ఇంత పూలతోట ఎలా పెంచారయ్యా?"

డైరెక్టరు గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "రసాయన రహితముగా పెంచితిమి సార్. 'స్వచ్ఛ తొట్టి' ద్వారా అంటుకట్టు పద్ధతిలో."

ఆ నెలాఖరుకి తీరంలో ఉన్న ప్రతి ప్రభుత్వ కార్యాలయంలోనూ పిచ్చిపువ్వు పెంచాలని పథకం వచ్చింది. పేరు 'సాగర పుష్ప'. పువ్వులకి హాని చేసే రొయ్యల్నీ నత్తల్నీ ఆఫీసు ఆవరణలోకి రానివ్వరాదని ఉత్తర్వు వచ్చింది. పెద్దనోటి చేపకి చేయడానికి పనేమీ లేదు కాబట్టి ప్రమోషను ఇచ్చి డైరెక్టరు గారి బంగళాకి పంపారు. జాలరివాళ్ళు ఎప్పట్లాగే నిలబడి ఉన్నారు.

అంతా బాగుందనుకుంటుండగా డైరెక్టరు గారు లోకనాథం గారిని పిలిపించారు.

"పథకం ప్రారంభోత్సవానికి పుష్పముల మధ్య ఒక నారింజరంగు చేప ఉన్నచో శోభగా ఉండునని పైవారి అభిప్రాయము. ఆ పాత చేప మనుషులను చూచి ఎదురు వచ్చెడిది కదా. దానిని మరల తెప్పించుటకు వీలున్నదా?"

 పువ్వులతో కిక్కిరిసిన ఆ తొట్టిలో చిన్నారావు ఒక్కరోజు బతకదు, కుట్టి చంపేస్తాయి. లోకనాథం గారు నియమాలు తెలిసిన మనిషి ముందు నిలబడ్డారు. జీవితంలో మొదటిసారి ఆయన కూడా నియమం మాట్లాడారు.

"అది సర్వీసులో ఉండగా చనిపోయింది సార్. మరణం ధ్రువీకరించాం. తమరి ఆమోదం కూడా ఉంది. చనిపోయిన ఉద్యోగిని తిరిగి విధుల్లోకి తీసుకుంటే ఆడిట్‌వాళ్ళు..."

ఆడిట్ మాట వినగానే డైరెక్టరు గారు చేయి అడ్డుపెట్టారు. కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించారు. తెరిచేసరికి అవి తళతళలాడుతున్నాయి.

"సర్వీసులో ఉండగా మరణించినచో కుటుంబసభ్యునికి కారుణ్య నియామకము ఇవ్వవచ్చును! దాని వారసుడిని తీసుకొనిరండి."

"సార్, అది బ్రహ్మచారండి," అన్నారు పక్కనున్న దాలినాయుడు గారు గంభీరంగా. "వారసులు లేరు. సహజ శత్రువుగా దగ్గరుండి విచారించాను. కావాలంటే రాసిస్తాను."

డైరెక్టరు గారు నిట్టూర్చారు. నియమం నియమమే. ప్రారంభోత్సవంలో పువ్వుల మధ్య ప్లాస్టిక్ చేపని దారం కట్టి వేలాడదీశారు. కార్యదర్శి గారు దాన్ని పలకరించబోతే ఫ్యాను గాలికి ఊగింది. ఎదురొచ్చిందని చప్పట్లు కొట్టారు.

ఆదివారాలు దాలినాయుడు గారు లోకనాథం గారింటికి వస్తున్నారు. కిటికీ గురించి ఇప్పటికీ కీచులాడుకుంటారు, నోటితోనే. ఒక ఆదివారం చిన్నారావుకి మేత వేస్తూ లోకనాథం గారు ఉలిక్కిపడ్డారు. రాయి మీద, శనగగింజంత, గోధుమరంగు పువ్వొకటి విచ్చుకుని ఊగుతోంది. చిన్నారావు దానికి దూరంగా, మూల ఇసుకలోకి జరిగి నిలబడి ఉంది.

"నాయుడు గారూ," అన్నారాయన. "వచ్చీసింది."

దాలినాయుడు గారు ఒంగి చూశారు. మోటారు ఆపారు. జేబులోంచి ఇత్తడి సున్నపుకాయ తీశారు. చీపురుపుల్ల కొనకి రవ్వంత సున్నం రాసి, నీళ్ళలో ముంచి, మెల్లగా పువ్వు నోట్లో పెట్టారు. పువ్వు ముడుచుకుంది. కాసేపటికి రాయి మీద తెల్లటి మరక తప్ప ఇంకేమీ లేదు. చిన్నారావు మూలనుంచి బయటికొచ్చి, ఓ చుట్టు తిరిగి, ఇద్దరి మొహాల ముందూ ఆగింది.

 ఒక్క పుల్ల. ఒక్క రవ్వ. లోకనాథం గారికి వాడిపోయిన పగడాలూ, నిజాయితీగల నత్తలూ, వరసగా నిలబడి పెద్దనోట్లోకి పోయిన రొయ్యలూ గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి.

"రేపు ఆఫీసులో చెబుదామేటండి, నాయుడు గారూ? మిగతా ఊళ్ళవాళ్ళ తొట్టెలైనా బాగుపడతాయి."

దాలినాయుడు గారు సున్నపుకాయకి మూత బిగించి జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు.

"ఊరుకోండి మహానుభావా. సున్నానికి సహజ శత్రువు ఎవరో వెతకమంటారు. ఆ రోజు మనిద్దరిలో ఎవరు సెలవులో ఉంటామో ఏటో."